లినక్సులో మైకు ఎందుకు మూగబోతుంది?

ఆన్‌లైన్ క్లాసు మొదలై రెండు నిమిషాలైంది. అవతలివాళ్ల మాట స్పష్టంగా వినిపిస్తోంది, పాట పెడితే బాగానే మోగుతోంది. ఇటు నుంచి మాట్లాడితే మాత్రం "సార్, మీ వాయిస్ రావట్లేదు" అని చాట్‌లో ఒకటే మెసేజీలు. ఇలాంటప్పుడు లినక్సు వాడేవాళ్లలో చాలామంది చేసే పని ఒకటే. నెట్‌లో వెతికి, మొదట కనిపించిన నాలుగు కమాండ్లను టెర్మినల్‌లో పడేస్తారు. ఒకటి పల్స్ఆడియో అనే సౌండ్ ప్రోగ్రామును తీసేస్తుంది, ఇంకోటి సౌండ్ డ్రైవర్ల వ్యవస్థ ఆల్సాను మళ్లీ ఎక్కిస్తుంది, మూడోది ఏదో కాన్ఫిగరేషన్ ఫైలులో ఒక వరుస చేరుస్తుంది. అరగంట తర్వాత చూస్తే మైకు రాలేదు సరికదా, పనిచేస్తున్న స్పీకరు కూడా పోయింది.

స్పీకరు పలుకుతోంది కాబట్టి సౌండ్ కార్డు బాగానే ఉందని, అలాంటప్పుడు మైకు కూడా పనిచేయాల్సిందేనని అనుకోవడం దగ్గరే లెక్క తప్పుతుంది. రెండూ ఒకే చిప్‌లో ఉండొచ్చు గానీ దారులు వేరు. లోపలున్న అంకెలను బయటికి వినిపించే ధ్వనిగా మార్చే సర్క్యూట్ ఒకటి, బయటి ధ్వనిని అంకెలుగా మార్చే సర్క్యూట్ ఇంకొకటి. వాటి స్విచ్‌లు వేరు, వాల్యూములు వేరు. కొత్త లాప్‌టాపుల్లో అయితే స్పీకరూ మైకూ ఒకే చిప్‌కు తగిలించి ఉంటాయన్న నమ్మకం కూడా లేదు.

పొలానికి నీళ్లు అందకపోతే రైతు ముందు గట్టు వెంట నడుస్తాడు. ఏ తూము దాకా నీళ్లున్నాయి, ఏ తూము దాటి లేవు అన్నది చూశాకే పార పడతాడు. మైకు విషయంలోనూ గొంతు ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది తేల్చడమే అసలు పని. అది తేలితే మిగిలేది చాలాసార్లు ఒక్క స్విచ్చే.

గొంతు ఎన్ని చేతులు మారుతుంది

మైకు నుంచి వచ్చే కరెంటు చాలా చిన్నది. దాన్ని ముందు పెంచాలి, తర్వాత అంకెలుగా మార్చాలి. ఈ రెండు పనులూ కోడెక్ అనే చిప్ చేస్తుంది. చాలా కంప్యూటర్లలో అది రియల్‌టెక్‌ది. కోడెక్ ఇచ్చిన అంకెలను లినక్సుకు గుండెకాయ అయిన కెర్నల్‌లోని ఆల్సా డ్రైవర్ అందుకుంటుంది. దాని మీద సౌండ్ సర్వర్ (పల్స్ఆడియో గానీ, పైప్‌వైర్ గానీ) కూర్చుని, ఏ అప్లికేషన్‌కు ఏ మైకు ఇవ్వాలో పంచుతుంది. ఆ తర్వాత ఆడాసిటీ లాంటి రికార్డింగ్ ప్రోగ్రామో, బ్రౌజరో దాన్ని తీసుకుని ఫైలుగానో కాల్‌గానో మారుస్తుంది. ఇందులో ఏ ఒక్క చోట తలుపు మూసుకున్నా చివర వినిపించేది మౌనమే. అన్ని మౌనాలూ ఒకేలా ఉంటాయి కాబట్టే ఇంత తికమక.

ఇక్కడ కాస్త చరిత్ర తెలిసి ఉండటం మంచిది. 1998లో యారోస్లావ్ కిసేలా మొదలుపెట్టిన ఆల్సా, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నల్‌తో లినక్సుకు అసలైన సౌండ్ వ్యవస్థ అయింది. లెనార్ట్ పోటరింగ్ రాసిన పల్స్ఆడియో 2007లో ఫెడోరా 8 అనే డిస్ట్రోతో, అంటే లినక్సు రకంతో, డెస్క్‌టాపుల మీదికి వచ్చింది. మొదట్లో దానికి పడ్డ తిట్లు అన్నీ ఇన్నీ కావు. విమ్ టేమన్స్ మొదలుపెట్టిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34తో దాని స్థానం తీసుకుంది, ఉబుంటు 22.10 నుంచి ఆ దారే పట్టింది. ఈ మూడు కాలాల సలహాలూ నెట్‌లో పక్కపక్కనే పడి ఉన్నాయి. ఏది ఏ కాలానిదో చాలాచోట్ల చెప్పరు. "పల్స్ఆడియో తీసేయండి, అంతా సర్దుకుంటుంది" అన్న మాట పల్స్ఆడియో కొత్తగా వచ్చిన రోజుల్లో కొందరికి పనికొచ్చిందేమో. పైప్‌వైర్ ఉన్న మెషీన్లో అదే మాట వింటే ఉన్నదీ ఊడుతుంది.

తన మెషీన్లో ఏది నడుస్తోందో తెలుసుకోవడం తేలిక. ప్యాక్‌టీఎల్ కమాండ్‌కు ఇన్ఫో అని చేరిస్తే, సర్వర్ పేరు ఉండే వరుసలో వట్టి పల్స్ఆడియో అనైనా ఉంటుంది, "పల్స్ఆడియో (ఆన్ పైప్‌వైర్)" అనైనా ఉంటుంది. రెండోది చూసి రెండూ కొట్టుకుంటున్నాయని కంగారుపడక్కర్లేదు. పాత అప్లికేషన్ల కోసం పైప్‌వైర్ పల్స్ఆడియో వేషం కట్టిందని అర్థం. అందుకే పల్స్ఆడియో కోసం రాసిన, వాల్యూములూ పరికరాలూ సర్దే పావుకంట్రోల్ లాంటి పనిముట్లు ఇప్పటికీ పనిచేస్తాయి.

అడుగు నుంచి మొదలుపెట్టాలి

బ్రౌజర్‌లో మైకు రాకపోతే బ్రౌజర్‌ను పట్టుకుని వేలాడటం దండగ. ముందు కెర్నల్‌కు మైకు కనిపిస్తోందో లేదో చూడాలి. ఆల్సాతో పాటు వచ్చే ఎరికార్డ్ అనే కమాండ్‌కు ఒక అడ్డగీత, చిన్న ఎల్ అక్షరం చేరిస్తే, రికార్డింగ్ చేయగల పరికరాలన్నీ వరుసగా చూపిస్తుంది. "కార్డ్ 0", "హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్", "డివైస్ 0", "ఏఎల్‌సీ257 అనలాగ్" లాంటి మాటలు కనిపిస్తే మొదటి తూము దాకా నీళ్లు ఉన్నట్టే.

జాబితా ఖాళీగా వచ్చినా, లాప్‌టాప్ లోపలి మైకు అందులో లేకపోయినా, పైన ఎన్ని స్లైడర్లు జరిపినా లాభం లేదు. కొత్త ఇంటెల్ లాప్‌టాపుల్లో చాలావాటికి లోపలి మైకులు డిజిటల్‌వి. అవి కోడెక్‌కు కాకుండా చిప్‌సెట్‌లోని సిగ్నల్ ప్రాసెసర్‌కు కలిపి ఉంటాయి. ఆ ప్రాసెసర్ నడవాలంటే దాంట్లోకి ఎక్కించే ప్రోగ్రాం, సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్, కావాలి. డెబియన్‌లో ఒక పేరుతో, ఫెడోరాలో ఇంకో పేరుతో, ఆర్చ్‌లో మరో పేరుతో దొరుకుతుంది గానీ, అన్నిట్లోనూ పేరులో ఎస్ఓఎఫ్ అనే మూడక్షరాలు ఉంటాయి. ఆ ప్యాకేజీ లేకపోతే కెర్నల్ సందేశాల్లో ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదన్న వరుస కనిపిస్తుంది. డీమెసెజ్ కమాండ్ ఇచ్చి, వచ్చిన దాంట్లో ఆ మూడక్షరాల కోసం వెతికితే చాలు.

నెట్‌లో బాగా తిరిగే ఒక పాత చిట్కా ఇక్కడే ముంచుతుంది. సౌండ్ అసలే రాని లాప్‌టాప్‌లో, సిగ్నల్ ప్రాసెసర్‌ను పక్కనపెట్టి పాత డ్రైవర్‌నే వాడమని కెర్నల్‌కు చెప్పే ఆప్షన్ ఒకటుంది: డీఎస్‌పీ డ్రైవర్ విలువను 1 చేయడం. చేయగానే స్పీకరు మోగుతుంది, మనిషి సంతోషిస్తాడు. కానీ డిజిటల్ మైకుకు ఉన్నది ఆ ప్రాసెసర్ దారి ఒక్కటే. దాన్ని మూసేశాక స్పీకరు పలుకుతుంది, మైకు జాడ లేకుండా పోతుంది. కొన్ని నెలల తర్వాత మైకు అవసరం పడినప్పుడు, అప్పుడు చేసిన పని ఎవరికీ గుర్తుండదు. డ్రైవర్ల ఆప్షన్లు ఉండే మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో గతంలో చేర్చిన వరుసలేమైనా ఉన్నాయేమో ముందే చూసుకుంటే ఈ తలనొప్పి తప్పుతుంది.

కార్డు కనిపిస్తే తర్వాత ఐదు సెకన్లు రికార్డు చేసి వినాలి. ఎరికార్డ్‌ను ఊరికే నడిపితే 8 బిట్లు, సెకనుకు 8000 నమూనాలు (అంటే ధ్వనిని అన్నిసార్లు కొలవడం), ఒకే చానల్‌తో రికార్డు చేస్తుంది. వింటే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా గరగరమంటుంది. అది విని మైకు పాడైందని కొత్తది కొనేవాళ్లూ ఉంటారు. ఫార్మాట్ ఆప్షన్‌లో సీడీ అని చెబితే 16 బిట్లు, 44,100 నమూనాలు, స్టీరియోకు మారుతుంది. దీని లెక్క సెకనుకు 1,76,400 బైట్లు, అంటే ఐదు సెకన్లకు సుమారు 8.82 లక్షల బైట్లు. ఫైలు సైజు అంత ఉంటే అంకెలు వచ్చాయని మాత్రమే అర్థం, గొంతు వచ్చిందని కాదు. నిశ్శబ్దం కూడా అంతే చోటు తింటుంది. సైజు 44 బైట్లే ఉంటే మాత్రం ఫైలు మొదట్లో ఉండే హెడర్ తప్ప లోపలికి ఏమీ రాలేదు.

ఈ పరీక్షలో ఇంకో కిటుకు ఉంది. పరికరం పేరు చెప్పకుండా ఇచ్చిన ఎరికార్డ్ నేరుగా కార్డు దగ్గరికి వెళ్లదు, సౌండ్ సర్వర్ గుండానే వెళ్తుంది. సర్వర్‌ను దాటాలంటే ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని, దాని తర్వాత కార్డు, డివైస్ నంబర్లు ఇవ్వాలి. నేరుగా వెళ్తే గొంతు వచ్చి, సర్వర్ ద్వారా రాకపోతే తప్పు ఎక్కడుందో చెప్పక్కర్లేదు. "డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ" అని తిరుగుటపా వస్తే అప్పటికే కార్డును ఎవరో పట్టుకున్నారు. సాధారణంగా అది సౌండ్ సర్వరే. మైకు వాడే అప్లికేషన్లన్నీ మూసేసి కొన్ని సెకన్లు ఆగితే అదే వదిలేస్తుంది.

ఆల్సామిక్సర్ ముందు కూర్చుంటే

చూడ్డానికి 1990ల నాటి ప్రోగ్రాంలా ఉంటుంది గానీ, మైకు సమస్యల్లో ఆల్సామిక్సర్‌కు మించిన పనిముట్టు లేదు. తెరవగానే కనిపించేది చాలాసార్లు అసలు కార్డు కాదు, సౌండ్ సర్వర్ చూపించే ఒకే ఒక్క స్లైడరు. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోవాలి. ఎఫ్4 నొక్కితే రికార్డింగ్ వైపు స్లైడర్లు వస్తాయి. క్యాప్చర్ అని ఉన్నదాని కింద ఎర్రగా అదే మాట వెలగాలి. లేకపోతే స్పేస్ బార్ నొక్కాలి. స్లైడరు నిండుగా వంద దగ్గర ఉండి, ఆ ఎర్ర మాట లేక మైకు మూగబోవడం చాలా మామూలు. కార్డులో ఇన్‌పుట్ సోర్స్ అనే ఆప్షన్ ఉంటే అది మైకు మీద ఉందా, లైన్ మీద ఉందా అని కూడా చూడాలి. లైన్ మీద ఉంటే ఎంత అరిచినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

పక్కనే మైక్ బూస్ట్ ఉంటుంది. నాలుగు మెట్లుగా 0, 10, 20, 30 డెసిబెళ్లు. గొంతు సన్నగా వస్తోందని దీన్ని చివరిదాకా పెంచేయడం అందరికీ అలవాటు. 20 డెసిబెళ్లంటే పది రెట్లు, 30 అంటే సుమారు 32 రెట్లు. గొంతుతో పాటు ఫ్యాను హోరు, వీధిలో హారన్లు, లాప్‌టాప్ లోపలి గరగర అన్నీ అన్నే రెట్లు పెరుగుతాయి. అంతకంటే ప్రమాదం, కాస్త గట్టిగా మాట్లాడగానే తరంగం పైనా కిందా కత్తిరించినట్టు చదునైపోతుంది. తర్వాత వాల్యూము తగ్గించినా ఆ పగుళ్లు పోవు, ఎందుకంటే పోయిన అంచులు ఫైలులో లేనే లేవు. బూస్ట్ 10 దగ్గర పెట్టి, నోటికీ మైకుకూ మధ్య దూరం సగం చేయడం చాలా మెరుగు. గట్టి మాటకు రికార్డింగ్ ప్రోగ్రాంలోని మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెళ్ల మధ్య ఆడితే చాలు. పరీక్షకు "మైక్ టెస్టింగ్, ఒకటి, రెండు, మూడు" కంటే "ఫలానా భవనం పక్కన" లాంటి మాటలు మంచివి. ప, ఫ, భ పలికినప్పుడు నోటి గాలి మైకుకు తగిలి టప్పుమనేది అప్పుడే బయటపడుతుంది.

గీతలు కనిపిస్తాయి, గొంతు వినపడదు

అన్నిటికంటే జుట్టు పీక్కునేలా చేసే సమస్య ఇది. ఆడాసిటీలో రికార్డు చేస్తే గొంతు చక్కగా వస్తుంది, తరంగాలు కనిపిస్తాయి. వీడియో కాల్‌లోకి వెళ్తే అవతల చీమ చిటుక్కుమన్నంత కూడా వినపడదు. పర్మిషన్లు చూస్తారు, బ్రౌజర్ మారుస్తారు, చివరికి డిస్ట్రో మారుస్తారు. అన్నిట్లోనూ అదే కథ.

ఆడాసిటీలో ఆ రికార్డింగ్‌ను బాగా దగ్గరికి జూమ్ చేసి చూస్తే గుట్టు తెలుస్తుంది. ఎడమ చానల్‌లో గీత పైకి లేచిన చోట కుడి చానల్‌లో సరిగ్గా అంతే కిందికి దిగుతుంది. నీళ్లలో నీడలా ఒకదానికొకటి తలకిందులు. కొన్ని లాప్‌టాపుల్లో మైకు ఒకటే అయినా రెండు తీగలు ఒకదానికొకటి వ్యతిరేకంగా సిగ్నల్ పంపుతాయి. ఆ తేడాను లెక్కలోకి తీసుకుంటే మధ్యలో చేరిన రొద పోతుందన్నది తయారుచేసినవాళ్ల ఉద్దేశం. ఈ సంగతి తెలియని డ్రైవర్ ఆ రెండిటినీ మామూలు స్టీరియో అనుకుని అందిస్తుంది. స్టీరియోలో వింటే తేడా పెద్దగా తెలియదు. కాల్ చేసే అప్లికేషన్లు చాలావరకు రెండు చానళ్లను కలిపి ఒకటి చేస్తాయి. ఎడమ 5, కుడి మైనస్ 5. కలిపితే సున్నా. ప్రతి సెకనులో ప్రతి నమూనాకూ ఇదే లెక్క. గొంతు పోవడం కాదు, తన్ను తానే మింగేసుకోవడం.

తెలిసిన మోడళ్లకు కెర్నల్‌లో మందు ఉంది. ఆల్సామిక్సర్‌లో ఇన్వర్టెడ్ ఇంటర్నల్ మైక్ అనే స్విచ్ విడిగా కనిపిస్తే దాన్ని ఆపేయొచ్చు. కనిపించకపోతే ఒక చానల్‌ను చంపేయడమే మార్గం. ఎఫ్4 తెరలో క్యాప్చర్ మీద ఉండి సీ అక్షరం నొక్కుతూ పోతే కుడి చానల్ ఒక్కటే దిగుతుంది. పావుకంట్రోల్‌లో అయితే మైకు పక్కనున్న తాళం బొమ్మ నొక్కి, రెండు స్లైడర్లను విడదీసి, ఒకదాన్ని సున్నా చేయాలి. ఐదు సెకన్ల పని. దీనికోసం డిస్ట్రోలు మార్చినవాళ్లను తలుచుకుంటే జాలేస్తుంది.

సర్వర్ దగ్గర, జాక్ దగ్గర

పావుకంట్రోల్‌లో రికార్డింగ్ అనే ట్యాబ్ ఖాళీగా ఉందని చాలామంది వదిలేస్తారు. ఏదో ఒక అప్లికేషన్ నిజంగా రికార్డు చేస్తున్నప్పుడే అందులో వరుస కనిపిస్తుంది. కాబట్టి ముందు రికార్డింగ్ మొదలుపెట్టి, అది నడుస్తుండగా ఈ ట్యాబ్ చూడాలి. అక్కడ పరికరం పేరు ముందు "మానిటర్ ఆఫ్" అని ఉంటే, రికార్డవుతున్నది మైకు కాదు, స్పీకర్లోకి వెళ్తున్న ధ్వని. పాట పెడితే పాట రికార్డవుతుంది, గొంతు మాత్రం రాదు. చివరి ట్యాబ్ కాన్ఫిగరేషన్‌లో ప్రొఫైల్ ఔట్‌పుట్ మాత్రమే అని ఉంటే మైకు జాబితాలోకే రాదు. అక్కడ రెండు వైపులా పనిచేసే డూప్లెక్స్ ఎంచుకోవాలి.

బ్లూటూత్ హెడ్‌సెట్లకు ఇదే ట్యాబ్ దగ్గర పేచీ. పాటలకు వాడే ఏ2డీపీ ప్రొఫైల్ ఒక వైపు దారి, అందులో మైకుకు చోటు లేదు. మైకు కావాలంటే కాల్స్ కోసం ఉన్న హెచ్ఎఫ్‌పీ ప్రొఫైల్‌కు మారాలి. మారగానే వినిపించేది నాసిరకమవుతుంది, ఎందుకంటే మామూలుగా ఆ దారిలో వెళ్లేది 8000 లేదా 16,000 నమూనాల ధ్వని. ఇందులో లినక్సు తప్పేమీ లేదు. రికార్డింగ్ బాగా రావాలంటే బ్లూటూత్ జోలికి పోకపోవడమే మేలు.

తీగ ఉన్న హెడ్‌ఫోన్లతో గొడవ పిన్ను దగ్గర. మొబైల్ హెడ్‌సెట్ పిన్ను మీద మూడు నల్ల గీతలుంటాయి, నాలుగు ముక్కలు. డెస్క్‌టాప్ వెనక గులాబీ రంగు జాక్ మూడు ముక్కల పిన్నుకు చేసింది. ఒకదాంట్లో ఇంకోటి పెడితే వినిపించొచ్చు గానీ మైకు రాదు. వై ఆకారంలో ఉండే స్ప్లిటర్ కావాలి. ఒకటే జాక్ ఉన్న లాప్‌టాప్‌లో మూడు ముక్కల మైకు పెట్టినా ఇదే పరిస్థితి. నోమ్ డెస్క్‌టాప్‌లో పిన్ను పెట్టగానే "ఏం పెట్టారు?" అని అడిగే పెట్టె కొన్ని మెషీన్లలో వస్తుంది. అందులో కంగారులో హెడ్‌ఫోన్స్ నొక్కేస్తే హెడ్‌సెట్ మైకును పట్టించుకోదు.

రికార్డింగ్ వెనక సన్నగా "మ్‌ మ్‌" అని ఒకే శ్రుతిలో మోగితే అది మన 50 హెర్ట్జ్ కరెంటు. చార్జర్ పీకి బ్యాటరీ మీద ఒకసారి రికార్డు చేయాలి. పోయిందంటే ఎర్తింగ్ సంగతి చూసుకోవాలి గానీ డ్రైవర్ జోలికి వెళ్లక్కర్లేదు. గొంతు మధ్యమధ్యలో తెగుతుంటే, పైప్‌వైర్ మెషీన్లో పీడబ్ల్యూటాప్ అనే కమాండ్ నడిపి తప్పుల గడిలో అంకె పెరుగుతోందా చూడాలి. పైప్‌వైర్ మామూలుగా 48,000 నమూనాల వేగంలో 1024 చొప్పున పంచుతుంది, అంటే 21 మిల్లీసెకన్లకు ఒకసారి. మెషీన్ ఆ సమయానికి అందుకోలేకపోతే ఆ సంఖ్యను 2048 చేయడం సరళమైన మందు. కాల్స్‌కు ఆ ఆలస్యం తెలియదు, పాట పాడుతూ తన గొంతు తానే వినాలనుకునేవాళ్లకు మాత్రం తెలుస్తుంది.

కింద అన్నీ బాగుండి ఒక్క అప్లికేషన్‌లోనే మైకు రాకపోతే అది పర్మిషన్ల వ్యవహారం. స్నాప్ అనే ప్యాకేజీ రూపంలో ఎక్కించిన ప్రోగ్రాములకు ఆడియో రికార్డ్ అనుమతి చాలాసార్లు విడిగా ఇవ్వాలి. "అడ్మిన్‌గా నడిపితే వస్తుందేమో" అని ఆడాసిటీని సుడోతో తెరవడం ఇంకా చెడ్డ ఆలోచన. సౌండ్ సర్వర్ లాగిన్ అయిన మనిషి పేరు మీద నడుస్తుంది, రూట్ అనే అడ్మిన్ ఖాతాకు అది తలుపు తీయదు. ఇక విండోస్ కూడా ఉన్న మెషీన్లలో, విండోస్ నుంచి రీస్టార్ట్ చేసి ఇటు వస్తే కోడెక్ అక్కడి స్థితిలోనే ఇరుక్కుపోయి మైకు పలకని సందర్భాలున్నాయి. పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయాలి. కీబోర్డు మీది మైకు మ్యూట్ బటన్ లైటు వెలుగుతోందేమో చూడమని చెప్పడం సిగ్గుగా అనిపించొచ్చు గానీ, అదీ చూడాలి. థింక్‌ప్యాడ్‌ల లాంటి వాటిలో మైకును బయోస్‌లోనే ఆపేసే ఆప్షన్ కూడా ఉంది.

ఇవన్నీ అయ్యాక కూడా లోపలి మైకు పలకకపోతే, చవకైన యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ఒకటి తెచ్చి దానికి మైకు తగిలించి చూడాలి. దాని కోడెక్ దాని దగ్గరే ఉంటుంది కాబట్టి మదర్‌బోర్డు మీది చిప్‌తో పనిలేదు. అందులో గొంతు వచ్చిందంటే సర్వర్ నుంచి అప్లికేషన్ దాకా దోషం లేదు. ఇక అనుమానం మిగిలేది లోపలి చిప్, దాని పిన్నులు, వాటిని అర్థం చేసుకునే డ్రైవర్ మీద. అప్పుడు ఆల్సా ఇన్ఫో అనే స్క్రిప్టు నడిపితే, కోడెక్ పేరు, ఏ పిన్నుకు ఏముందని బయోస్ చెబుతోంది, ఏ స్లైడరు ఎక్కడుంది అన్నీ ఒకే ఫైలులో రాసి ఇస్తుంది. బగ్ రిపోర్టుకు ఆ ఫైలు జతచేస్తే డెవలపర్లకు అడగాల్సింది పెద్దగా ఉండదు. "మైకు పనిచేయడం లేదు, సాయం చేయండి" అని మాత్రమే రాస్తే అడగడంతోనే వారాలు గడుస్తాయి. దొరికే పరిష్కారం తరచూ ఒక్క వరుసే: రియల్‌టెక్ డ్రైవర్‌లో ఫలానా లాప్‌టాప్ మోడల్ నంబరు, దాని పక్కన ఏ సర్దుబాటు వాడాలో ఒక పేరు. అలాంటి వరుసలు అందులో ఇప్పటికే వందల్లో ఉన్నాయి.